ఆవలి గట్టు లేని నీళ్లు

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే బీచ్ రోడ్డుకు ఎడమ పక్క తూర్పు కనుమలు, కుడి పక్క బంగాళాఖాతం. కొన్నిచోట్ల కొండ ముందుకొచ్చి రాళ్లను నీళ్లలోకి దింపుతుంది. కొన్నిచోట్ల సముద్రం ముందుకొచ్చి ఇసుక పరుస్తుంది. సంక్రాంతి వెళ్లి, చలి ఇంకా తగ్గని రోజుల్లో ఆ రోడ్డు మీద మొదలైన నా ప్రయాణం ఉప్పాడ, కోరంగి మీదుగా రాజమహేంద్రవరం దాకా సాగింది. భుజాన కెమెరా, మనసులో ఒకటే ప్రశ్న: నీళ్ల ఒడ్డున నిలబడి తీసే ఫొటోలో, మన కాళ్ల ముందున్న చోట ఏముండాలి?

మాది వరంగల్. చెరువుల మధ్య పెరిగినవాణ్ని. చెరువు ఫొటోకు గట్టు సాయం చేస్తుంది. పాకాల కట్ట మీద నిలబడితే నీటికి ఆవల గుట్టలు, వాటి మీద అడవి కనిపిస్తాయి. చూపు వెళ్లి ఆగడానికి ఒక చోటు దొరుకుతుంది. సముద్రానికి ఆవలి గట్టు లేదు. ఎంత దూరం చూస్తున్నామో చెప్పడానికి అక్కడ ఏ ఆనవాలూ ఉండదు. అందుకే ఒడ్డున నిలబడి ఒళ్లు పులకరించిన దృశ్యం ఇంటికొచ్చి ఫొటోలో చూస్తే రెండు నీలి పట్టీలుగా మిగిలిపోతుంది. ఆ వైశాల్యం కాగితం మీదికి రావాలంటే దగ్గర్లో ఏదో ఒకటి ఉండాలి. రాయో, పడవో, తాడో, వెనక్కి వెళ్తున్న అల గీసిన నురగ గీతో. దగ్గరిది పెద్దగా కనబడితేనే దూరం దూరమనిపిస్తుంది. ఫొటోగ్రాఫర్లు ఫోర్‌గ్రౌండ్ అనేది దాన్నే.

జపాన్ చిత్రకారుడు హొకుసాయి 1831 ప్రాంతంలో చేసిన మహాతరంగం బొమ్మ చూడనివారు అరుదు. అందులో అల ముందుకొచ్చి ఆకాశమంత ఎత్తు లేస్తుంది. దాని కింద మూడు పడవలు. ఎక్కడో వెనక, అల ఒంపులో, ఫుజి పర్వతం చిన్న గుట్టంత. జపాన్‌లోకెల్లా ఎత్తయిన పర్వతం అంత చిన్నదైపోవడం వల్లే ఆ అల ఎంతటిదో మనకు తెలుస్తుంది. మళ్లీ అదే దేశానికి చెందిన ఫొటోగ్రాఫర్ హిరోషి సుగిమోతో 1980 నుంచి తీసిన సముద్రాల్లో ఫోర్‌గ్రౌండ్ అసలే ఉండదు. ఫొటోను సరిగ్గా సగానికి కోస్తూ క్షితిజ రేఖ, పైన ఆకాశం, కింద నీరు. ఏ దేశపు సముద్రమో చెప్పలేం. ఆయన వెతికింది ఏ కాలానికీ ఏ ఊరికీ చెందని సముద్రాన్ని. ఆ ఫొటోలంటే నాకు గౌరవం. కానీ నేను బయల్దేరింది దానికి ఎదురు దారిలో. ఫలానా ఊరి సముద్రం ఇది అని ఫొటో చెప్పాలన్నది నా కోరిక. ఆ మాట చెప్పగలిగేది ఫోర్‌గ్రౌండే.

తొట్లకొండ కింద, మంగమారిపేట దగ్గర, సముద్రం తొలిచిన రాతి తోరణం ఉంది. కొండ మీద బౌద్ధ భిక్షువుల విహారం శిథిలాలు, కింద అలలు చెక్కిన ఈ కమాను. చొల్లంగి అమావాస్య వెళ్లిన మర్నాడు అక్కడికి చేరాను. అమావాస్యకూ పున్నమికీ పోటు ఎంత పైకి వస్తుందో, ఆటు అంత వెనక్కి తీస్తుంది. పాచి పట్టిన రాళ్ల మీద వల బాగుచేసుకుంటున్న ఒకాయన నన్ను చూసి పలకరించాడు.

"ఏటి బాబూ, రాళ్లకి ఫొటోలు తీత్తన్నావేటి?"

"తోరణం కోసం వచ్చినన్నా."

"అయితే మద్దేన్నం దాటేదాక ఉండు. పొద్దున్న నీరు దాని కాళ్లు ముంచేసి ఉంటాది. రేపొస్తే ఇంకో ముప్పావు గంట ఆలీసం."

రోజుకు సుమారు యాభై నిమిషాల చొప్పున ఆటుపోట్లు వెనక్కి జరుగుతాయని పుస్తకాల్లో చదివినదే. ఆయనకు గడియారం అక్కర్లేకుండా తెలుసు. చెప్పినట్టే మధ్యాహ్నం దాటాక నీరు దిగింది. రాళ్ల నడుమ గుంటలు బయటపడ్డాయి. వాటిలో ఒకదాని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. జానెడు లోతు నీళ్లు. అడుగున ఎర్రటి గులకరాళ్లు, అంచు పొడవునా రాతికి అతుక్కుని చిట్టి చిట్టి తెల్లటి గుల్లలు. గోరంత పీత ఒకటి నా నీడ పడగానే పగుల్లోకి దూరి, నేను కదలకపోయేసరికి మళ్లీ బయటికొచ్చింది. ఆ గుంటలోనే తోరణం తలకిందులుగా కనిపిస్తోంది.

ఇలాంటి చోట వైడ్ యాంగిల్ లెన్స్ ఏం చేస్తుందో తెలిసి ఉండాలి. అది దూరాన్ని ఇంకా దూరం నెడుతుంది, దగ్గరిదాన్ని ఇంకా ముందుకు తోస్తుంది. నిలువెత్తున నిలబడి తీస్తే గుంట చుక్కంత అవుతుంది. కెమెరాను నడుము కిందికి దించి, గుంటకు అడుగు దూరం జరిగితే అదే ఫొటోకు తలవాకిలి అవుతుంది. మరీ నేలకు ఆనిస్తే ఇంకో చిక్కు: దగ్గరి రాయికీ తోరణానికీ మధ్య ఉన్న నీళ్లన్నీ ఒకదాని వెనక ఒకటి నక్కి సన్నని గీతగా అణిగిపోతాయి. దగ్గరిది, దూరానిది రెండే మిగిలి నడిమి దారి మాయమవుతుంది. జానెడు పైకి, బెత్తెడు కిందికి జరుపుకుంటూ ఆ నడిమి నీళ్లు విచ్చుకునే ఎత్తు దొరికేదాకా ఓపిక పట్టాలి. అపర్చర్ ఎఫ్ 11 దగ్గర పెట్టి, అన్నిటికన్నా దగ్గరి రాయి ఎంత దూరంలో ఉందో దానికి రెట్టింపు దూరాన ఫోకస్ చేస్తే ముందు వెనక రెండూ స్ఫుటంగా వస్తాయి. తడి రాళ్ల మెరుపు తగ్గించడానికి పోలరైజర్ ఫిల్టర్ కాస్త తిప్పితే చాలు, గుంట అడుగు కనిపిస్తుంది. పూర్తిగా తిప్పేస్తే నీళ్లలోని తోరణం నీడ కూడా పోతుంది.

ఆ సాయంత్రం రోడ్డు పక్క పాకలో నెత్తళ్ల వేపుడు, వంజరం పులుసు తిన్నాను. మా వైపు బొచ్చె, రవ్వ, కొర్రమట్ట తిని పెరిగిన నాలుకకు సముద్రపు చేప రుచి వేరుగా తగులుతుంది. వడ్డించే ఆవిడ నా విస్తరి చూసి, "పులుసు సాల్లేదు, ఏసుకో నాయినా" అంటూ అడక్కుండానే ఇంకో గరిటె పోసింది. ఎక్కడి నుంచి వచ్చావని అడగడం అన్నం పెట్టాకే.

మర్నాడు ఎర్రమట్టి దిబ్బలు. వేల ఏళ్లుగా గాలీ నీరూ పోగేసిన ఇసుక ఇది. రేణువుల మీద ఇనుప ఆక్సైడు పొర పట్టి ఎర్రబారింది, వానలు కోసి లోయలు చేశాయి. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ దీన్ని భూవారసత్వ స్థలంగా గుర్తించింది. దిబ్బ అంచు నుంచి సముద్రం చూస్తే ముందు ఎరుపు, వెనక నీలం. ఆ రెండు రంగులే ఫొటో కట్టేస్తాయి, వేరే హంగు అక్కర్లేదు. అయితే మంచి కోణం కోసం అంచు మీద పెట్టే ప్రతి అడుగూ ఆ మట్టిని కొంత జారుస్తుంది. అప్పటికే కాలిబాట పడినచోట నిలబడే తీయాలని గీత గీసుకున్నాను. దొరికిన కోణాలు తక్కువే, ఆ తక్కువలోనే వెతకడం మంచి కసరత్తు.

భీమిలిలో గోస్తనీ నది సముద్రంలో కలుస్తుంది. అనంతగిరి కొండల్లో పుట్టి, బొర్రా గుహల్లోంచి పారి వచ్చే నీళ్లు ఇక్కడికొచ్చి ఉప్పబడతాయి. ఒకప్పటి డచ్చి వర్తకుల రేవు ఇది, వాళ్ల సమాధులు ఇంకా ఉన్నాయి. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడిన ఊరు. తెల్లవారుజామున ఒడ్డుకు వెళ్తే ఇసుక మీద వరసగా పడవలు. ఈ తీరం ఆగ్నేయానికి తిరిగి ఉంటుంది కనుక చలికాలపు సూర్యుడు సరిగ్గా ఎదురుగా నీళ్లలోంచి లేస్తాడు. సూర్యోదయానికి ముందు ఇరవై నిమిషాల వెలుతురు ఫొటోకు అన్నిటికన్నా మేలైనది. ఆకాశానికీ నేలకూ కాంతిలో తేడా తక్కువ, పడవ రంగులు రంగులుగానే పడతాయి. సూర్యుడు పైకొచ్చాడంటే పడవ నల్లటి ఆకారమైపోతుంది.

ఒక నీలి పడవ ముక్కు సముద్రం వైపు చూస్తోంది. దానికి ట్రైపాడ్ ఆనించబోతుంటే వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది.

"చెప్పులిప్పేసి ఆనుకో బాబూ. గంగమ్మ మీదికెళ్లే పడవది."

చెప్పులు విడిచి, పడవను ముట్టుకుని కళ్లకద్దుకున్నాను. ఆయన ముఖం విప్పారింది. తాళ్ల చుట్ట ఒకటి పడవ పక్కన పడి ఉంటే దాన్ని జరపనా అని అడిగాడు. వద్దన్నాను. ఆ తాడు అక్కడ ఎందుకుందో ఆయన చెప్పాడు: నీరు పోటెత్తితే పడవను పైకి లాగడానికి. అంటే ఆ తాడు రేపటి పోటు గురించి ఈ రోజే తీసుకున్న జాగ్రత్త. దాన్ని నాకు నచ్చినట్టు వంకర తిప్పి పెడితే ఫొటోలో గీత అందంగా వచ్చేదేమో, కానీ అది అబద్ధపు తాడయ్యేది. తాడున్న చోటికే నేను జరిగాను. పడవ కొన క్షితిజ రేఖను తాకకుండా కాస్త కిందే ఆగేలా కెమెరా ఎత్తాను. ఆ రెండూ తగిలితే పడవకూ సముద్రానికీ మధ్య ఉన్న గాలి పోతుంది.

అక్కడి నుంచి దక్షిణంగా కాకినాడ వైపు. ఉప్పాడలో దిగగానే చెవిన పడేవి రెండు చప్పుళ్లు: వీధిలో మగ్గాలు, వీధి చివర అలలు. ఉప్పాడ జమ్‌దానీ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు దేశమంతా తిరుగుతోంది, ఊరు మాత్రం ఏటేటా సముద్రంలోకి పోతోంది. దశాబ్దాలుగా ఇక్కడ తీరం కోతకు గురవుతోంది. తుఫాను వచ్చినప్పుడల్లా కాకినాడ వెళ్లే బీచ్ రోడ్డు తెగుతుంది. రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద పెద్ద గొట్టపు సంచులతో గోడ కట్టారు. అల వాటినీ తింటోంది. గోదావరి మీద ఎగువన ఆనకట్టలు కట్టాక డెల్టాకు చేరే ఒండ్రు తగ్గిందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. నది తెచ్చి పెట్టడం తగ్గితే సముద్రం తీసుకుపోవడం పెరుగుతుంది.

ఒడ్డున ఒక గోడ ముక్క నిలబడి ఉంది. మిగతా ఇల్లు లేదు. నీలం వేసిన సున్నం, దాని మధ్య దీపపు గూడు. గూడు లోపల మసి ఇంకా నల్లగానే ఉంది, గూటి కింద నూనె కారిన చార. ఇంత ఉప్పుగాలి కొట్టినా ఆ చార పోలేదు. గోడకు అవతల సముద్రం, తెల్లవారుతున్న ఆకాశం. కూర్పు ప్రకారం చూస్తే దానిలో వంక పెట్టడానికేమీ లేదు. అందుకే నా చెయ్యి ఆగింది. పక్కనే ఎండుచేపలు ఆరబోస్తున్న ఆవిడను అడిగాను.

"ఈ గోడ ఎవరిది పెద్దమ్మా? ఫొటో తీసుకోవచ్చా?"

"మాదేనండి. తీసుకోండి బాబూ. కానండీ, ఏదో రాయి ఉన్నట్టు చూపించకండి. అది మా వంటిల్లండి."

ఈ ప్రయాణమంతటిలో ఫోర్‌గ్రౌండ్ గురించి నేను విన్న గొప్ప మాట అదే. నీళ్ల ఒడ్డు ఫొటోల్లో ఒక వాడుక ఉంది. లెన్స్‌కు నల్లటి ఎన్‌డీ ఫిల్టర్ తగిలించి, షట్టర్‌ను అర నిమిషం తెరిచి ఉంచితే అలలన్నీ కలిసిపోయి నీరు పొగమంచవుతుంది. చూడ్డానికి హాయిగా ఉంటుంది. ఆ గోడ ముందు ఆ పని చేస్తే, ఇల్లు మింగిన సముద్రం ధ్యానంలో ఉన్నట్టు కనిపిస్తుంది. అది ఆ వంటింటికి అన్యాయం. ఫిల్టర్ తీసి సంచిలో పెట్టేశాను. పొద్దెక్కేకొద్దీ నీరు పెరిగింది. అల వచ్చి గోడ మొదలును కొట్టిన క్షణాన్ని సెకనులో వెయ్యోవంతుకు పట్టుకున్నాను. చిమ్మిన ప్రతి తుంపరా విడివిడిగా పడింది. కెమెరాను నేల మట్టానికి దించలేదు, పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషి కంటి ఎత్తులో ఉంచాను. గూడు, మసి, నూనె చార అన్నీ కనబడేలా. షట్టర్ వేగం కూడా ఒక మాటేననీ, ఏ మాట అంటున్నామో తెలిసి అనాలనీ ఆ ఉదయం నాకు అర్థమైంది.

ఆవిడ మజ్జిగ ఇచ్చింది. ఇప్పుడుంటున్న ఇల్లు రోడ్డుకు అవతల. "ఇదైనా నిలబడుద్దంటారాండి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మా ఊళ్లో చెరువు ఎండితే బాధపడతాం, మత్తడి దూకితే పండగ చేసుకుంటాం. నీళ్లు రావడం ఎప్పుడూ శుభమే. నీళ్లు దగ్గరికి వస్తుంటే భయపడే ఊళ్లున్నాయని చదివి తెలుసుకోవడం వేరు, అలాంటి ఊళ్లో మజ్జిగ తాగుతూ తెలుసుకోవడం వేరు.

కాకినాడలో గొట్టం కాజా నోట్లో పాకం చిమ్ముతుండగా తిని, చొల్లంగి మీదుగా కోరంగి చేరాను. ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు ఇది. 1839 నాటి తుఫాను ఉప్పెన ఆ రేవును తుడిచిపెట్టింది. ఇప్పుడు కోరంగి అంటే దేశంలోని పెద్ద మడ అడవుల్లో ఒకటి. 1978లో అభయారణ్యమైంది. గోదావరి తెచ్చిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో ఏర్పడిన హోప్ ఐలాండ్ దీనికి అవతల అడ్డుగా నిలిచి కాకినాడ రేవును కాస్తోంది. ఉప్పాడలో నేలను తీసుకుపోతున్న నీరే ఇక్కడ నేలను పోస్తోంది.

చెక్క వంతెన మీద అడవిలోకి నడిచేసరికి ఆటు మొదలైంది. కాలువ నీరు దిగుతుంటే బురదలోంచి వేల కొద్దీ శ్వాస వేళ్లు బయటపడ్డాయి. ఈ బురదలో గాలి ఆడదు, అందుకే చెట్టు వేళ్లను పైకి పంపి ఊపిరి తీసుకుంటుంది. వాటి నడుమ రెక్కలతో బురద మీద పాకే చేపలు, ఒక డెక్క పెద్దదైన ఎర్ర పీతలు. ఇక్కడ ఫోర్‌గ్రౌండ్‌కు ఒక వస్తువంటూ లేదు, మొత్తం నేలే ఫోర్‌గ్రౌండ్. కెమెరా నిలువుగా తిప్పి, మూడొంతుల్లో కింది రెండొంతులు వేళ్లకిచ్చి, పైన సన్నగా కాలువ మలుపు, దాని మీద వెలుతురు ఉంచాను. వేళ్ల వరస చూపును దానంతటదే నీటి వైపు తీసుకెళ్లింది. చూసేవారికి ఆ నేల ఎందుకు నిలబడిందో చెప్పకుండానే తెలియాలి: ఈ వేళ్లు పట్టుకోబట్టి. ఉప్పాడ గోడ ఫొటో పక్కన దీన్ని పెట్టి చూపించాలని అక్కడే అనుకున్నాను.

రాజమహేంద్రవరంలో నీటికి మళ్లీ ఆవలి గట్టు వచ్చింది. అటు కొవ్వూరు, ఇటు ఘాట్లు, నడుమ నాలుగు వంతెనలు. అందులో పాతది హేవలాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసి, ఇప్పుడు ఖాళీగా నిలబడింది. సాయంత్రం సూర్యుడు కొవ్వూరు వైపు, వంతెన వెనక దిగుతాడు. పుష్కర ఘాట్ మెట్ల మీద ఫోర్‌గ్రౌండ్‌కు కొదవ లేదు: దీపాలు, పూలు, పడవలు, తడిబట్టలు, కొబ్బరి చిప్పలు. ఇక్కడ పని వెతకడం కాదు, వదులుకోవడం. చాలాసేపు కూర్చుని చివరికి ఒక్క మెట్టును ఎంచుకున్నాను. అడుగులు పడి పడి నడుమ అరిగి పల్లమైంది, ఆ పల్లంలో కాసిని నీళ్లు నిలిచాయి. ఫ్రేమ్‌లో ఆ మెట్టు, నది, దూరంగా వంతెన స్తంభాలు. స్నానం చేసి వస్తున్న ఒక పెద్దాయన ఆగి, తెరమీద ఫొటో చూసి, "ఆయ్, ఆ మెట్టు మీదే మా నాన్నగారు కూర్చునేవారండి" అన్నారు. ఎంచుకున్నది సరైనదని అంతకన్నా రుజువేం కావాలి?

ఇంటికొచ్చాక ప్రింట్లు వేయించాను. భీమిలి పెద్దాయనకు పడవది, ఉప్పాడ పెద్దమ్మకు గోడది పంపాను. గోడ ఫొటో కింద రాసింది ఒక్క మాటే: "ఉప్పాడలో ఒక వంటిల్లు." ఇప్పుడు మా ఊళ్లో ఫొటోలు నేర్చుకునే పిల్లలకు లెన్సుల గురించి, ఫిల్టర్ల గురించి చెప్పేముందు ఇదే చెబుతున్నాను. నీళ్ల ఒడ్డుకు వెళ్లగానే కెమెరా తీయకండి. ఆటు ఎప్పుడో అక్కడివాళ్లను అడగండి. మీకు నచ్చిన రాయి, పడవ, గోడ ఏమిటో, ఎవరిదో కనుక్కోండి. తెలిశాక ఎంత దగ్గరికి వెళ్లాలో, ఎంత కిందికి వంగాలో, షట్టర్ ఎంతసేపు తెరవాలో చాలావరకు అదే చెబుతుంది. సముద్రం ఎవరి ఫొటోలోనైనా ఉంటుంది. ఆ ఒడ్డున బతికేవాళ్లు మన ఫొటో చూసి ఇది మా ఊరే అనగలిగితే, అప్పుడు మనం ఫోర్‌గ్రౌండ్‌ను సరిగ్గా ఎంచుకున్నట్టు.